కీర్తన పైన ‘చాయ’, హిమ్ పైన 8.7.8.7: లూథర్ కోరాల్ గురించి కాస్త పొడుగు జవాబు

నిన్న గ్రూపులో ఒకరు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోని పేజీ ఫోటో పెట్టి రెండు ప్రశ్నలు అడిగారు. ‘రా’ అంటే రాగం, ‘తా’ అంటే తాళం, అది సరే, కొన్ని కీర్తనల మీద ‘చాయ’ అని రాసి పక్కన ఇంకో పాట మొదటి మాటలు ఎందుకు వేస్తారు అన్నది ఒకటి. ఇంగ్లిషు హిమ్ (చర్చి పాటల) పుస్తకాల్లో పాట మీద 8.7.8.7 లాంటి అంకెలు ఎందుకుంటాయి అన్నది రెండోది. కామెంట్లలో అవి బైబిల్ వచనాల నంబర్లని ఒకరన్నారు, స్వరాల లెక్కని ఇంకొకరన్నారు. రెండూ కావండీ. ఈ రెండు ప్రశ్నలకీ జవాబు కోరాల్ దగ్గరే దొరుకుతుంది, అంటే మత సంస్కర్త మార్టిన్ లూథర్ పూనికతో 1520ల్లో జర్మనీలో పుట్టిన ప్రొటెస్టంట్ సంఘగానం దగ్గర. ఇది ఛందస్సు గ్రూపు కాబట్టి ఆ కోణంలోనే రాస్తాను, నాకు బాగా ఇష్టమైన విషయం, పొడుగైతే ఓపిక పట్టండి.

ముందు అంకెల సంగతి. అవి పాదానికి ఎన్ని అక్షరాలో చెప్పే లెక్క. 8.7.8.7 అంటే మొదటి పాదంలో ఎనిమిది, రెండో దాంట్లో ఏడు, మళ్ళీ ఎనిమిది, ఏడు. లూథర్ రాసినవాటిలో అందరికీ తెలిసిన ‘ఐన్ ఫెస్టె బుర్గ్’ (బైబిల్లోని 46వ కీర్తన ఆధారంగా రాసింది, మన దేవుడు గట్టి కోట అని మొదలవుతుంది) లెక్క 8.7.8.7.5.5.5.6.7. ఈ అంకెలు తెలిస్తే ఒక పాట మాటల్ని, అదే లెక్క ఉన్న ఇంకో పాట వరసలో పాడుకోవచ్చు. మనవాళ్ళు పద్యం పైన ఉ, చ, తే.గీ. అని వేసుకున్నట్టే ఇదీ, కాకపోతే వాళ్ళు గణాలు చెప్పరు, అక్షరాల సంఖ్య ఒక్కటే చెబుతారు. గొడవంతా ఆ తేడాలోనే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

‘చాయ’ కూడా ఇలాంటిదే. ఫలానా పాట చాయలో పాడుకోండి అని. నాటకాల పాటల పుస్తకాల్లో ‘అను మట్టు’ అని, ‘ఫలానా వరస’ అని వేసేవారు, అదే పని. జర్మన్ పాటల పుస్తకాల్లోనూ పాట మీద ‘ఇమ్ టోన్’ అని రాసి పాత పాట మొదటి మాటలు వేసేవారు. ‘టోన్’ అంటే అక్కడ ఒక్క స్వరం అనే కాదు, వరసా ఆ వరసకు తగిన చరణం కట్టూ రెండూ కలిపి. మన ‘మట్టు’ దానికి చాలా దగ్గర మాట. స్వరాలు అచ్చువేయడం ఖర్చుతో కూడిన పని, పైగా కొన్న అందరికీ స్వరాలు చదవడం రాదు. ‘ఇమ్ టోన్’ అనే ఒక్క లైను చాలు, ఊరు ఊరంతా కొత్త పాట పాడేస్తుంది.

అలా ఒక వరస ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. హాన్స్ లియో హాస్లర్ అనే జర్మన్ స్వరకర్త 1601లో ఒక ప్రేమ పాట అచ్చువేశాడు, ఒక అమ్మాయి వల్ల నా మనసు కలత చెందింది అని. 1613 నాటికే ఆ వరసను మరణం కోసం ఎదురుచూసే ఒక భక్తి గీతానికి తగిలించారు. తర్వాత కవి పౌల్ గెర్హార్ట్, శిలువ మీది యేసు శిరస్సును ఉద్దేశించిన పాత లాటిన్ కవితను జర్మన్‌లోకి తెచ్చాడు, దాన్ని యోహాన్ క్ర్యూగర్ 1656లో ఇదే వరసతో అచ్చువేశాడు. ఇక స్వరకర్త బాఖ్ తన మత్తయి శ్రమగానంలో (యేసు శిలువ బాధల గానం) ఆ వరసను ఐదుసార్లు వాడాడు, చాలాసార్లు కింది గొంతుల్లో స్వరమేళం (వరసతో కలిపి పలికే స్వరాలు) మార్చి. క్రిస్మస్ ఒరటోరియోలో మొదటి కోరాల్‌గానూ అదే, చిట్టచివర బాకాలూ ఢంకాలూ మోగుతుండగా వినిపించేదీ అదే. పుట్టుక పాటలో శ్రమల వరస! 1973లో పాల్ సైమన్ అనే అమెరికన్ గాయకుడు తన దేశం గురించి రాసుకున్న పాటకూ దీన్నే వాడుకున్నాడు. మాటలు ఎన్ని మారినా వరస పాడవలేదు. ఎందుకంటే చరణం కట్టు మారలేదు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పి తీరాలి, ఎందుకంటే తెలుగులో కూడా వాట్సాప్‌లో తిరుగుతోంది. లూథర్ సారా కొట్లలో తాగుబోతులు పాడే పాటల వరసలు తీసుకుని దేవుడి పాటలు చేశాడని. ఇది చాలావరకు ‘బార్’ అనే మాట తెచ్చిన తంటా. జర్మన్ కవిత్వంలో ‘బార్’ అనేది ఒక చరణ నిర్మాణం పేరు: ఒకే వరసలో రెండు సమాన భాగాలు, తర్వాత వేరే వరసలో మూడో భాగం. న్యూరెంబర్గ్‌లో చేతివృత్తుల వాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళతో సహా, గాయక సంఘాలుగా ఏర్పడి ఈ పద్ధతిలో పాటలు కట్టేవారు. ‘ఐన్ ఫెస్టె బుర్గ్’ కూడా ఆ కట్టే: 8.7 ఒకసారి, అదే వరసలో 8.7 మళ్ళీ, ఆపైన 5.5.5.6.7 వేరే వరస. బార్ అనే మాట చూసి మందు కొట్టు అనుకున్నవాళ్ళు కథ అల్లేశారు. నిజానికి లూథర్ పాటల్లో లౌకిక పాట వరస నేరుగా తీసుకున్నట్టు గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే, 1535 నాటి ‘ఫోమ్ హిమ్మెల్ హోఖ్’ అనే పిల్లల క్రిస్మస్ పాట. అది ఊళ్ళో పొడుపు కథలు విప్పే ఆట పాట వరస. దానికి కూడా 1539లో కొత్త వరస వచ్చింది. సాతానుకే మంచి వరసలన్నీ ఎందుకు వదలాలి అని లూథర్ అన్నాడని చెప్పే వాక్యం కూడా ఆయన రచనల్లో లేదు.

మరి ఆయన నిజంగా ఏమన్నాడు? భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళు చదవాల్సిన రెండు చోట్లున్నాయి.

1523 చివర్లో స్నేహితుడు గెయోర్గ్ స్పలాటిన్‌కు ఉత్తరం రాశాడు. దావీదు కీర్తనల్ని జర్మన్‌లో పాటలుగా చేసేవాళ్ళు కావాలి, మీరూ ఒకటి చేయండి, కానీ కొత్తగా పుట్టించిన మాటలూ దర్బారు మాటలూ వద్దు, మామూలు జనం పాడగలిగే తేలిక మాటలు, అయినా శుభ్రమైనవీ తగినవీ కావాలి, అర్థం స్పష్టంగా ఉండాలి అని. ఆ మరుసటి ఏడాదే, 1524లో, న్యూరెంబర్గ్‌లో ఎనిమిది పాటల చిన్న పుస్తకం వచ్చింది, అందులో నాలుగు లూథర్‌వి. అదే ఏడాది ఎర్ఫుర్ట్‌లో ఒకటి, విట్టెన్‌బెర్గ్‌లో యోహాన్ వాల్టర్ గొంతులు విడదీసి కూర్చింది ఒకటి వచ్చాయి.

రెండోది 1525లో రాసిన ఒక వాద గ్రంథంలోని వాక్యం. అప్పటికే కొందరు లాటిన్ ఆరాధనను జర్మన్‌లోకి మార్చి, స్వరాలు మాత్రం లాటిన్‌వే ఉంచి పాడిస్తున్నారు. థామస్ మ్యూంట్సర్ అనే బోధకుడు ఆల్‌స్టెట్ ఊళ్ళో చేసింది ఈ పద్ధతే. లూథర్‌కు ఇది నచ్చలేదు. ఆయన మాటల సారం తెలుగులో ఇలా ఉంటుంది: పాఠమూ స్వరమూ, మాట మీద ఊనికా (ఒక అక్షరాన్ని నొక్కి పలకడం), వరసా, పాడే తీరూ అన్నీ అసలైన మాతృభాష నుంచి, ఆ భాష పలికే గొంతు నుంచి రావాలి, లేకపోతే అదంతా కోతుల్లా అనుకరించడమే. ఊనిక అనే మాటను విడిగా ఎత్తి చెప్పాడు చూడండి. అనువాదం సరిపోదు, అక్షరాల లెక్క సరిపోదు, ఆ భాషలో మాట ఎక్కడ బరువెక్కుతుందో స్వరం కూడా అక్కడే బరువెక్కాలి. కోరాల్ అనేది నా దృష్టిలో ఈ వాక్యానికి చేసిన ప్రయోగం. అయిదు వందల ఏళ్ళ కింద ఒక మనిషి ఛందస్సు మీద ఇంత పట్టుదలగా మాట్లాడాడంటే, అదీ మతం గురించి రాజ్యమంతా కొట్టుకుంటున్న రోజుల్లో, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇప్పుడు మన గొడవకు వద్దాం.

జర్మన్‌లో మాట బరువు ఊనికను బట్టి. తెలుగులో గురు లఘువులను, అంటే అక్షరం పొడుగు పొట్టిని బట్టి. మన మాటల్లో అచ్చు పొడుగు మారితే అర్థమే మారిపోతుంది. పాశ్చాత్య వరసకు తెలుగు మాటలు తగిలించేటప్పుడు అక్షరాల సంఖ్య ఒక్కటే చూసుకుంటే ఏమవుతుందో చూడండి. ‘ఐన్ ఫెస్టె బుర్గ్’ మొదటి పాదంలో ఎనిమిది అక్షరాలు, నడక తేలిక-బరువు, తేలిక-బరువు అని నాలుగు జతలు. ‘దేవుడు మాకు కోటగా’ అని పెడదాం. ఎనిమిదే, లెక్క సరిపోయింది. కానీ పాడితే ‘దే’ తేలిక చోట పడుతుంది, ‘వు’ బరువు చోట పడుతుంది. గొంతులోంచి వచ్చేది ‘దెవూడు’. మిగతా పాదం బాగానే ఉంది, కానీ మొదటి మాటే దేవుడి పేరు, అదే విరిగింది. ఇది వినడానికి బాలేదు అంతే అనుకుంటే, ఇంకోటి చూడండి: నీ పాదం జారనివ్వడు అనే అర్థంలో ‘పడనీయడు’ అని రాసి, ‘ప’ను పొడుగు స్వరం మీద పెడితే సంఘమంతా ‘పాడనీయడు’ అని పాడుతుంది. పడనివ్వని దేవుడు పాడనివ్వని దేవుడయ్యాడు. ఏ కీర్తననూ వేలెత్తి చూపడం లేదు, ఇవి నేను అల్లిన ఉదాహరణలు, కానీ హార్మోనియం పక్కన కూర్చుని అనువాద గీతాలు పాడినవాళ్ళకు ఇలాంటివి తగిలే ఉంటాయి.

మరి తెలుగులో తేలిక-బరువు నడక లేదా అంటే, ఉందండీ, శుభ్రంగా ఉంది. ప్రమాణి వృత్తం. జ, ర, ల, గ. లఘువు గురువు, లఘువు గురువు, పాదానికి సరిగ్గా ఎనిమిది అక్షరాలు, నాలుగు పాదాలు. దీన్ని రెట్టింపు చేస్తే పంచచామరం, శివతాండవ స్తోత్రం నడక అందరికీ చెవిలో ఉంటుంది. ‘ఫోమ్ హిమ్మెల్ హోఖ్’ లెక్క 8.8.8.8. అంటే ఒక ప్రమాణి పద్యం మొత్తం, నాలుగు పాదాలూ, ఆ వరసలో ఒక్క అచ్చు కూడా సాగదీయకుండా కుదించకుండా ఇమిడిపోతుంది! పాదం చిన్నది కాబట్టి యతి బాధ లేదు, ప్రాస చూసుకుంటే చాలు. మొదటి రెండు పాదాలు ప్రయత్నించాను, దేవదూత పై నుంచి దిగి వచ్చి మంచి కబురు తెచ్చాను అని చెప్పే సందర్భం:

నభంబు నుండి వచ్చితిన్
శుభంబు తెచ్చినాడ నే

గణాలు సరిపోయాయి, భకార ప్రాస కుదిరింది, 1539 వరసలో పాడి చూడండి, ఎక్కడా తట్టుకోదు. కానీ లూథర్ ఉత్తరం గుర్తు తెచ్చుకుంటే ఇది తప్పిపోయింది. ఆ పాట పైన ఆయనే పిల్లల పాట అని రాసుకున్నాడు. ఏ పిల్లవాడు నభంబు అంటాడు? దర్బారు మాటలు వద్దన్న మనిషి పాటకు ఇది దర్బారు తెలుగు. స్వరం మన గొంతుకు సరిపోయింది, మాట సరిపోలేదు.

వాడుక తెలుగులో ఎందుకు కష్టమో ఇక్కడ తెలుస్తుంది. వచ్చాను, వచ్చాడు, చేస్తుంది, ఉన్నారు: మన క్రియలు చాలావరకు లఘువుతో ముగుస్తాయి. వాక్యం చివర క్రియ వస్తుంది, క్రియ చివర తేలిక అక్షరం వస్తుంది. ఎనిమిది అక్షరాల పాదం చివరిది బరువు స్థానం, పైగా అక్కడ స్వరం ఆగుతుంది. ‘వచ్చాను’ పెడితే ‘వచ్చానూ’ అవుతుంది. పాత తెలుగుకు ‘తిన్’, ‘గాన్’, ‘వై’ లాంటి ముగింపులున్నాయి కాబట్టి ఈ బాధ తక్కువ, అనువాదకులు గ్రాంథికంలోకి జారిపోవడానికి ఇదొక కారణం అని నా నమ్మకం, భక్తి గాంభీర్యం ఒక్కటే కాదు. ఏడు అక్షరాల పాదం తేలిక చోట ముగుస్తుంది, వాడుక తెలుగుకు అది హాయి. కాబట్టి 8.7 లెక్కలో ఎనిమిది పాదాన్ని సంబోధనతోనో ‘గా’తోనో ముగించి, క్రియను ఏడు పాదంలో దించుకోవాలి. 8.8.8.8కి ఆ వీలు లేదు. ఒక దారి మాత్రం ఉంది, కోస్తాలో మాట్లాడేటప్పుడు ‘వచ్చా, తెచ్చా’ అంటాం కదా:

ఇలా పైనుంచి నేనొచ్చా
మహా సంతోషం మోసొచ్చా

ఇది ప్రమాణి కాదు, తేలిక చోట్ల కూడా గురువులు పడ్డాయి. కానీ పాడితే నడుస్తుంది. తేలిక చోట గురువు పడితే కాస్త తొందరగా పలుకుతాం, అర్థం చెడదు. బరువు చోట లఘువు పడితేనే మాట చెడేది. పాటలు రాసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఈ ఒక్క సంగతి పట్టుబడితే సగం బాధ పోతుంది. చర్చిలో ‘నేనొచ్చా’ ఏమిటి అని పెద్దవాళ్ళు కోప్పడతారేమో. పిల్లల పాటే కదా అనొచ్చు, అయినా ఇది ప్రయత్నమే, ఇంతకంటే మంచిది మీలో ఎవరైనా రాస్తారు.

ఇంకో ఇబ్బంది పాదం చివర. అచ్చులో కోరాల్ చూసినవాళ్ళకు ప్రతి పాదం చివరి స్వరం మీద చిన్న విల్లులా గీత, దాని కింద చుక్క కనిపిస్తాయి. అక్కడ సంఘమంతా కలిసి ఆగి ఊపిరి తీసుకుంటుంది. అంటే అక్కడ మాట పూర్తవ్వాలి. మన పద్యానికి ఈ నియమం లేదు, ఉత్పలమాలలో మాట సగం ఒక పాదంలో, సగం తర్వాతి పాదంలో పడినా దోషం కాదు, అది అందం కూడా. పైగా మన యతి ఆగే చోటు కాదు, అక్షరాల మైత్రి. సంస్కృతంలో యతి అంటే విరామం. కోరాల్‌కు కావలసింది సంస్కృతం వాళ్ళ యతి. పద్యం బాగా రాయగలిగినవాళ్ళు కూడా కోరాల్ వరసకు రాసేటప్పుడు ఇక్కడ తప్పటడుగు వేస్తారు. మాట నడిమధ్యలో ఊపిరి పడుతుంది, లేదా పాదాంతంలో సంధి చేసేస్తారు, ఆగిన చోట సంధి ఏమిటి?

ఇంతవరకు రాశాక కింద ఒక మేడమ్ మంచి అభ్యంతరం పెట్టారు. లూథర్ కూడా అక్షరాలే లెక్కపెట్టాడు కదా, ఆయన పాదాల్లోనూ ఊనిక తప్పిన చోట్లున్నాయి కదా, మన అనువాదకులను ఎందుకు తప్పుపట్టాలి అని. నిజమేనండీ, సగం నిజం. ‘ఐన్ ఫెస్టె బుర్గ్’లోనే ముసలి దుష్ట శత్రువు అని వచ్చే అయిదక్షరాల పాదంలో ఊనిక సాఫీగా ఉండదు. జర్మన్‌లో ఊనిక క్రమం తప్పకూడదని నియమం పెట్టి పుస్తకం రాసింది మార్టిన్ ఓపిట్స్, 1624లో, లూథర్ పోయిన చాలా ఏళ్ళకు. అందుకే ఆ తర్వాతివాడైన గెర్హార్ట్ పాటలు అంత నున్నగా ఉంటాయి. కానీ లూథర్ రోజుల్లో వరసలు ఇప్పటిలా సమానమైన స్వరాలతో ఉండేవి కావు. పొట్టి పొడుగు స్వరాలు కలగలిసి, లయ పాదానికో రకంగా ఎగిరేది. మాట ఎక్కడ బరువెక్కితే స్వరం అక్కడ పొడుగు పోవడానికి చోటుండేది. తర్వాతి కాలంలో సంఘాలు నెమ్మదిగా పాడడం, ఆర్గన్ తోడవడం, ఇలాంటి కారణాలతో స్వరాలన్నీ సమానమైపోయాయి. ‘ఐన్ ఫెస్టె బుర్గ్’ పాత లయలో పాడిన రికార్డింగు దొరికితే వినండి, దాదాపు నాట్యానికి పనికొస్తుంది. మనకు మిషనరీలతో వచ్చింది చాలావరకు సమానమైన స్వరాల రూపమే. అలాంటి వరసలో గురువు లఘువు తేడా చూపించే చోటే లేదు, కాబట్టి జర్మన్‌కంటే తెలుగుకే దెబ్బ ఎక్కువ.

సంఘం పాడటం అన్నాను కదా, మొదట్లో అది అంత తేలిగ్గా జరగలేదు. వాల్టర్ 1524 పుస్తకంలో అసలు వరస మధ్య గొంతులో ఉంటుంది, పైన కింద మిగతా గొంతులు అల్లుకుని ఉంటాయి. వినడానికి గొప్పగా ఉంటుంది కానీ బెంచీ మీద కూర్చున్నవాడికి ఏది పట్టుకోవాలో తెలియదు. 1586లో లూకాస్ ఒసియాండర్ వరసను పై గొంతుకు తెచ్చి, నాలుగు గొంతులూ ఒకే మాటను ఒకేసారి పలికేలా కూర్చాడు, జనం కూడా పాడాలనే. బాఖ్ కోరాల్‌లన్నీ ఆ దారిలోవే. ఆయన పోయాక కొడుకు 1784 నుంచి 1787 వరకు అచ్చువేయించిన సంకలనంలో 371 ఉన్నాయి, ఇప్పటికీ ప్రపంచమంతా సంగీత విద్యార్థులు స్వరమేళం నేర్చుకునేది వాటితోనే. 1935లో చనిపోయిన ఒక అమ్మాయి జ్ఞాపకంగా స్వరకర్త ఆల్బన్ బెర్గ్ రాసిన వయొలిన్ కన్చెర్టోలో (వయొలిన్ ముందుండే వాద్య రచన) బాఖ్ కోరాల్ ఒకటి యథాతథంగా వస్తుంది. కొత్త పద్ధతి సంగీతం మధ్యలో హఠాత్తుగా ఆ పాత వరస వినిపిస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

మన వైపు ఏం జరిగింది? జర్మన్ లూథరన్లకు తెలుగుతో సంబంధం పాతదే. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 18వ శతాబ్దంలోనే మద్రాసులో తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి పూనుకున్నాడు, 1740ల్లో జర్మనీలోని హాలేలో తెలుగు అచ్చు పుస్తకాలు వచ్చాయి. జర్మనీలో పుట్టి అమెరికా వెళ్ళిన హేయర్ అనే మిషనరీ 1842లో గుంటూరు చేరాడు, ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం వేళ్ళు అక్కడివి. ఇంత సంబంధం ఉన్నా, మన సంఘాల నోట నిలిచినవి కోరాల్‌లు కావు, రాగం తాళం ఉన్న కీర్తనలు. పురుషోత్తమ చౌదరి (1803-1890) లాంటివాళ్ళు పల్లవి, అనుపల్లవి, చరణాలు పెట్టి, జనానికి అలవాటైన రాగాల్లో కట్టారు. గురువు వచ్చిన చోట తాళం సాగుతుంది, లఘువు వచ్చిన చోట పరుగెడుతుంది. మాట విరగదు. లూథరన్ సంఘాల్లో కోరాల్ వెనకబడి కీర్తన ముందుకు రావడం లూథర్‌కు దూరమవ్వడం అని కొందరు బాధపడతారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. స్వరమూ ఊనికా మాతృభాష గొంతు నుంచి రావాలన్న వాక్యాన్ని నిజంగా పాటించింది ఆ కీర్తనలే. జర్మన్ వరసకు తెలుగు అక్షరాలు లెక్కపెట్టి అతికించడం, లూథర్ వద్దన్న పని.

అయితే ఆ కీర్తనల్లో సగం నియమమే పాటించారు అని కూడా చెప్పాలి. వరస మనది, మాటలు మాత్రం చాలాచోట్ల అరసున్నలతో, పొడుగు సమాసాలతో ఉంటాయి, స్పలాటిన్‌కు రాసిన ఉత్తరం దృష్టితో చూస్తే అవి దర్బారు మాటలే. పెద్దవాళ్ళు అర్థం పూర్తిగా తెలియకుండానే కంఠతా పాడతారు, ఆ పాడటంలో ప్రేమ ఉంది, కాదనను. కానీ మామూలు జనం తేలిక మాటలు అన్న సగం ఇంకా బాకీ ఉంది. ఈ మధ్య పాటల్లో వాడుక భాష వచ్చింది, దాంతోపాటు అచ్చులు అడ్డదిడ్డంగా సాగదీయడమూ వచ్చింది. రెండూ కుదిరిన పాట ఎక్కడైనా తగిలితే నేను ఎగిరి గంతేస్తాను.

కోరాల్‌ను తెలుగులో ఏమనాలి అని కూడా ఒకరు అడిగారు. కోరాల్ అనే అనండి. లూథర్ ఆ మాట తన పాటలకు వాడలేదు, అప్పట్లో అది లాటిన్ ఏకగాత్ర గానానికి పేరు, తర్వాత జర్మన్ సంఘ గీతాలకు మారింది. పగడం అని అర్థమిచ్చే ఇంగ్లిషు మాట ‘కోరల్’తో కలవకుండా ‘రా’ దీర్ఘం ఉంచితే చాలు. సంఘగీతం అంటే ఏ పాటైనా కావచ్చు, కీర్తన అంటే మనకు పల్లవి ఉండాలి, కోరాల్‌కు పల్లవి ఉండదు.

ఛందస్సు వచ్చినవాళ్ళకు ఒక పని అప్పజెబుతున్నాను. ‘ఐన్ ఫెస్టె బుర్గ్’ మొదటి సగం అనుకున్నంత కష్టం కాదు, ‘ప్రభూ నిరంతరంబుగా, భయం తొలంగజేసి’ అని గ్రాంథికంలో నాకు 8.7 కుదిరింది, దీన్ని వాడుకలోకి దించాలి. తర్వాత మూడు అయిదక్షరాల పాదాలు వరుసగా వస్తాయి, ప్రతిదాని చివరా ఆగాలి, మాట పూర్తవ్వాలి. అక్కడ శత్రువు బలమూ మోసమూ చెప్పాలి. శత్రువు, మోసము, బలము అన్నీ లఘువుతో ముగిసే మాటలే. ‘ఉ’కారంతో ముగిసే మన భాషలో ఆ మూడు పాదాలు ఎలా దించుతారో కామెంట్లలో రాయండి, గణాలు కూడా వేయండి, నేను పాడి చూసి ఎక్కడ తట్టుకుంటోందో చెబుతాను.